కొత్త ట్రక్కుకు చందా నేనివ్వను

పోస్టు పొడుగైంది, మన్నించండి. తీరిక లేనివాళ్ళు మిగతాది వదిలేసినా పర్వాలేదు గానీ, ఇంట్లో పిల్లలున్నవాళ్ళు మూడో పేరా తప్పకుండా చదవండి.

మొన్న ఆదివారం మీటింగులో ఏం జరిగిందో మీకు తెలుసు. పిల్లలకని కొన్న నైట్రో రిమోట్ ట్రక్కు 'పాడైపోయింది', దసరాలోపు కొత్తది తెద్దాం, ఇంటికి ఐదు వందలు వేసుకుందాం అన్నారు. అందరూ చేతులెత్తారు. నేను ఎత్తలేదు. అప్పట్నుంచి గ్రూపులో నన్ను పిసినారి అంటున్నారు. కోశాధికారి అన్న అయితే 'పిల్లల సంతోషానికి అడ్డం పడొద్దు తమ్ముడూ' అని సలహా ఇచ్చాడు. అన్నా, మీ మీద గౌరవంతోనే జవాబు రాస్తున్నా. అడ్డం పడుతున్నది పిల్లలకు కాదు, మన అలవాటుకు.

మీటింగు అయ్యాక ఆ ట్రక్కు కోసం సంఘం గదిలో బీరువా తెరిచాను. పక్కనే లీటరు నీళ్ళ బాటిల్‌లో రోజా రంగు ద్రవం ఉంది. బాటిల్ మీద ఏమీ రాసి లేదు. అదే అరలో క్రికెట్ ఆడి వచ్చిన పిల్లలు తాగే నీళ్ళ బాటిళ్ళు. ఆ రోజా రంగుది షర్బత్తు కాదు, ట్రక్కులో పోసే నైట్రో ఇంధనం. అందులో ఎక్కువ పాలు మిథనాల్, మిగతాది నైట్రోమీథేన్, నూనె. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్ళకురిచ్చిలో అరవై మందికి పైగా ప్రాణం తీసిన కల్తీసారాలో ఉన్నది ఆ మిథనాలే. కాస్త లోపలికి పోతే కళ్ళు పోతాయి, ఇంకాస్త పోతే మనిషే పోతాడు. అంటుకుంటే పగటి వెలుతురులో దాని మంట సరిగా కనిపించదు కూడా. 'పెద్ద డబ్బా నుంచి పోయడం కష్టంగా ఉందని బాటిల్‌లోకి మార్చాం' అన్నారు. ఎండన పడి వచ్చిన ఏడేళ్ళ పిల్లోడికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? మనం ఇంతవరకు బతికి బయటపడింది జాగ్రత్త వల్ల కాదు, అదృష్టం వల్ల.

ఇక ట్రక్కు సంగతి. ఇంటికి తెచ్చి, వరండాలో పాత పేపరు పరిచి, ఒక్కొక్క స్క్రూ విప్పాను. గాలి వడపోసే స్పాంజి ఎండిపోయి, ఎర్రగా గట్టిపడి ఉంది. దానికి నూనె పట్టించి ఎన్నాళ్ళయిందో! మన ఊరి దుమ్ము మామూలు దుమ్ము కాదు, ఇనుప ఖనిజం పొడి. దోణిమలై నుంచి వచ్చే ఓరు లారీల వెనక నడిచిన ప్రతి ఒక్కరికీ తెలుసు అది ఎంత మెత్తనో, ఎంత మొండిదో. నిమిషానికి ముప్పై వేల చుట్లు తిరిగే మూడు సీసీల ఇంజన్‌లోకి అది పోతే సానరాయి మీద గీసినట్టే. పిస్టన్, స్లీవు అరిగిపోతాయి, కంప్రెషన్ పడిపోతుంది. తర్వాత తాడు ఎన్నిసార్లు లాగినా స్టార్టు కాదు.

ట్యాంకులో పాత ఇంధనం అట్లాగే ఉంది. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కాలగా మిగిలిన కసరులో ఆమ్లం ఉంటుంది. రెండూ కలిసి వానాకాలమంతా లోపల కూర్చుంటే బేరింగులు తుప్పు పట్టక ఏమవుతాయి? పట్టాయి. రిసీవరు డబ్బా తెరిస్తే లోపల తడి, స్విచ్చి కాళ్ళకు పచ్చటి చిలుము. బ్యాటరీలు తీయనే లేదు, అవి కారి ఉన్నాయి. అంటే ఈ ట్రక్కు పరుగెత్తి చావలేదు, మనం బీరువాలో పెట్టి చంపాం.

దీనికి మీటింగులో మూడు సమాధానాలు విన్నాను.

ఒకటి: 'డబ్బా మీద వాటర్‌ప్రూఫ్ అని రాసుంది కదా, అందుకే నారిహళ్ళ డ్యాం ఒడ్డున నీళ్ళలో తిప్పాం.' అయ్యా, వాటర్‌ప్రూఫ్ అన్నది రిసీవరు డబ్బాకు, సర్వోలకు. అది కూడా మూత సీలు సరిగా కూర్చుని, దానికి సిలికాన్ గ్రీజు పూసి ఉంటేనే. ఇంజన్‌కు వాటర్‌ప్రూఫ్ ఉండదు, దానికి గాలి కావాలి కదా. గాలి పోయే దారిలో నీళ్ళు పోతే, పిస్టన్ పైకొచ్చేటప్పుడు నీళ్ళు నలగవు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. తడిచిన బండిని మళ్ళీ మళ్ళీ తాడు లాగి స్టార్టు చేయబోవడమే అసలు తప్పు. ముందు గ్లో ప్లగ్ విప్పి, బండిని తలకిందులు చేసి, మెల్లగా తిప్పి నీళ్ళు దించేయాలి. అనుమానంగా ఉంటే రిసీవరుకు ఒక బెలూన్ తొడిగి, వైర్లు బయటికొచ్చే చోట జిప్ టై బిగిస్తే చాలు. ఐదు రూపాయల పని.

రెండు: 'అది ఆటబొమ్మ, దానికింత హంగామా ఎందుకు?' బొమ్మే అయితే కొనడానికి ఊరంతా చందా ఎందుకు అన్నా?

మూడు: 'నైట్రో గోల వద్దు, బ్యాటరీది కొందాం.' కొనండి. లిథియం బ్యాటరీని నిండా ఛార్జి చేసి, ఎండ తగిలే కిటికీ పక్క నెలల తరబడి పడేయండి. అది ఉబ్బి, ఒకరోజు అంటుకుంటే అప్పుడు ఏ బండికి మారదాం? పట్టించుకోనివాడి చేతిలో ఏ యంత్రమైనా అంతే.

మన ఊళ్ళో ఈ పాఠం తెలియనివాళ్ళు లేరు. 2011 జూలైలో సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో తవ్వకాలు ఆపినప్పుడు లారీలన్నీ వరసగా నిలిచిపోవడం మనం చూశాం. మా మామ తన లారీని వారానికోసారి స్టార్టు చేసేవాడు. టైర్ల మీద బరువు పడకుండా జాకీలెత్తి మొద్దులు పెట్టాడు. డీజిల్ ట్యాంకులో నీరు చేరిందేమోనని చూసుకునేవాడు. రోజూ బాడుగ లేదు, అయినా రోజూ బండి తుడిచేవాడు. గనులు ఒక్కొక్కటే మళ్ళీ తెరిచినప్పుడు ఆయన బండి మర్నాడే రోడ్డెక్కింది. పక్కింటాయన బండి తూకానికి పోయింది. ఇద్దరివీ ఒకే రకం బండ్లు. తేడా ఎక్కడొచ్చిందో నేను వేరే చెప్పాలా?

ఆయుధపూజ రోజు బండ్లన్నీ కడిగి, పూలదండలు వేసి, గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. మంచిదే, నేనూ పెడతాను. కానీ మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులు ఫిల్టరు తీసి చూడనివాడు ఒక్కరోజు నిమ్మకాయ పెడితే బండి కాపాడుతుందా? పూజంటే అర్థం ఈ వస్తువు నాకు అన్నం పెడుతోంది, దీన్ని నేను చూసుకుంటాను అనే కదా.

నేనేదో తెలిసినవాణ్ణని రాయడం లేదు. నాలుగేళ్ళ కింద నా సొంత నైట్రో ట్రక్కును ఇట్లాగే చంపుకున్నాను. ఆడిన మురిపెంలో వేడివేడిగానే అటక మీద పెట్టేశాను. ఆర్నెల్ల తర్వాత తీస్తే పిస్టన్ పైనే బిగుసుకుపోయింది. అప్పుడు నేర్చుకున్నది ఇదీ: ఆట అయిపోగానే ట్యాంకు ఒంపేయాలి. పైపులో మిగిలింది మెల్లగా తిరుగుతుండగా కాలిపోనివ్వాలి. ఇంజన్ చల్లారాక ప్లగ్ రంధ్రంలో, కార్బొరేటర్‌లో నాలుగు చుక్కలు ఆఫ్టర్‌రన్ నూనె వేసి, నాలుగైదుసార్లు తిప్పాలి. పిస్టన్ కిందికొచ్చేట్టు చేత్తో ఫ్లైవీల్ తిప్పి వదలాలి, ఎందుకంటే స్లీవు పైభాగం ఇరుకు. పైపుతో నీళ్ళు కొట్టకుండా బ్రష్షుతో మట్టి దులపాలి. ఫిల్టరు స్పాంజి కడిగి, బాగా ఆరనిచ్చి, ఫిల్టరు నూనె పిసికి పట్టించాలి. బ్యాటరీలు తీసేయాలి. చక్రాలు నేలకు ఆనకుండా కింద చెక్కముక్క పెట్టాలి. అంతా కలిపి ఇరవై నిమిషాలు. ఆడేది గంట, ఆడాక ఇరవై నిమిషాలు. అది చేయలేనివాళ్ళకు ఆ గంట ఆడే హక్కు లేదు.

కాబట్టి నా మాట ఇది. కొత్తదానికి చందా వద్దు. పాతదాన్నే బాగు చేద్దాం. బేరింగులు, పిస్టన్ స్లీవు, స్విచ్చి మారిస్తే నడుస్తుంది. ఆ ఖర్చులో సగం నేను పెడతాను, పని కూడా మా వరండాలోనే చేద్దాం, పిల్లలు వచ్చి చేతులు మురికి చేసుకోనీ. ఇంధనం కొన్న డబ్బాలోనే, మూత బిగించి, ఎండ తగలని చోట తాళం వేసి ఉండాలి. తాళం చెవి ఒక్క పెద్దమనిషి దగ్గరే ఉండాలి. ఆ బాటిల్‌ను నేను అప్పుడే అక్కణ్ణుంచి తీసేశాను, ఇంకెవరి ఇంట్లోనైనా అట్లాంటిది ఉంటే ఈ రాత్రే తీసేయండి. బీరువా తలుపు మీద ఒక కాగితం అంటించి, ఆడిన ప్రతిసారీ ఎవరు శుభ్రం చేశారో సంతకం పెట్టిద్దాం.

ఒక్క ఏడాది ఆ కాగితం నిండా సంతకాలు పడితే, వచ్చే దసరాకు కొత్త ట్రక్కుకు మొదటి చందా నాదే, ఐదు వందలు కాదు, రెండు వేలు. పడకపోతే మళ్ళీ అడగొద్దు.

కోపం వస్తే ఫోన్ చేయండి, ఇంటికి రండి, కాఫీ తాగుతూ తిట్టండి. ట్రక్కు ఇంకా వరండాలో విప్పే ఉంది.

మీ సభ్యుడు,
తారానగర్