"ప్రయోజనమేమి?" అను ప్రశ్న

"ఈ పరిశోధన కూడు పెడుతుందా?" అని అడిగే పెద్దలను చూస్తే నాకు ఒళ్ళుమంట. (వ్యాకరణం చదివిన నన్నూ అడిగారు లెండి!)

1966లో అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గలలో థామస్ బ్రాక్, ఆయన శిష్యుడు హడ్సన్ ఫ్రీజ్ ఒక సూక్ష్మజీవిని పట్టారు. అంతటి వేడిలో ప్రాణి ఎట్లా బ్రతుకుతుందన్నదే వారి జిజ్ఞాస. 1983లో కేరీ మల్లిస్ ఊహించిన పీసీఆర్ ప్రక్రియలో డీఎన్ఏను మాటిమాటికీ సుమారు 95 డిగ్రీలకు కాచాలి. ఆ వేడికి మామూలు ఎంజైము చెడిపోయేది. ప్రతి విడతా మళ్ళీ పోయవలసివచ్చేది. బుగ్గలోని ఆ జీవి ఎంజైము చెడలేదు!

2020లో మన ముక్కులో పుల్ల పెట్టి చేసిన కోవిడ్ పరీక్షకు ఈ ప్రక్రియే ఆధారం. ఆ ఫలితం కోసం రాత్రంతా మేలుకొన్నవారే, మూలవిజ్ఞానానికి ధనవ్యయమెందుకని నేడు వాదిస్తున్నారు. ఆనాడు బ్రాక్‌ను వీరు ప్రయోజనమేమని నిలదీసివుంటే, పాపం, తెలియదనే చెప్పవలసివచ్చేది.