జర్మనీ జీతం: చేతికందేది ఎంత?

జర్మనీలో నెలకు 3,000 యూరోల ఉద్యోగమంటే, యూరోకు వంద రూపాయల చొప్పున లెక్కగట్టి మూడు లక్షలని ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. ఆ లెక్క నమ్ముకునే అప్పు చేస్తారు, ఉన్న ఎకరం తాకట్టు పెడతారు. కాని ఆ 3,000 కార్మికుని చేతికి వచ్చే సొమ్ము కాదు.

2025 నాటి నిబంధనల ప్రకారం పెళ్లికాని, పిల్లలులేని కార్మికునికి అందులో దక్కేది సుమారు 2,050 యూరోలు. కోత పడే 950లో ఆదాయపు పన్ను 300 మాత్రమే. మిగతా 650 పింఛను, ఆరోగ్యం, నిరుద్యోగం, వృద్ధాప్య సంరక్షణ బీమాలకు పోతుంది. యజమాని కూడా దాదాపు అంతే కడతాడు.

ఈ కోతను దోపిడీ అనడం సరికాదు. జబ్బు చేస్తే ఆసుపత్రి ఖర్చుకు భయపడనక్కరలేదు. ఏడాది పాటు బీమా కట్టిన వారికి పని పోతే, చేతికందే జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం కొంతకాలం భృతిగా వస్తుంది.

పెళ్లయితే పన్ను తగ్గుతుందన్న మాట సగమే నిజం. భార్యాభర్తలిద్దరూ అక్కడే కాపురముంటేనే ఆ తగ్గింపు. ఒకరు ఊళ్లో ఉండిపోతే మామూలుగా అది దొరకదు.

ఇక ఖర్చులు. ఇంటికి అడ్వాన్సే మూడు నెలల అద్దె దాకా అడుగుతారు. టీవీ లేకున్నా ప్రసార రుసుము ఇంటికి నెలకు 18.36 యూరోలు కట్టవలసిందే. అద్దెకు 800, తిండికి, బస్సుకు, ఫోనుకు మరో 500 అనుకుంటే మిగిలేది 750. మూడు లక్షలనుకున్నది 75 వేలకు దిగింది. మ్యూనిచ్ వంటి నగరంలో అద్దె ఇంకా ఎక్కువ. ఇక్కడ నూటికి రెండు రూపాయల వడ్డీకి పది లక్షలు తెచ్చి ఉంటే, అందులో 20 వేలు నెలనెలా వడ్డీకే పోతాయి.

వెళ్లవద్దని కాదు. అక్కడ మొత్తం జీతాన్ని ‘బ్రుట్టో’ అని, చేతికందే దాన్ని ‘నెట్టో’ అని అంటారు. ఏజెంటు చెప్పేది ఏదో ముందే అడిగి కాగితం మీద రాయించుకోవాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ భాష నేర్పించి పంపుతోంది. అటువంటి సంస్థలు, ప్రైవేటు శిక్షణ కేంద్రాలు భాషతో పాటు ఈ లెక్కనూ నేర్పాలి. అదీ పొలం తాకట్టు పడకముందే, తల్లిదండ్రులను కూర్చోబెట్టి చెప్పాలి.