జాజ్ మనకు పరాయిదా?

జాజ్ పరాయి సంగీతమట, మనకెందుకట! మరి మాండలిన్ ఎక్కడిది? పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్, పద్నాలుగేళ్ల వయసులో, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో ఆ ఎలక్ట్రిక్ మాండలిన్ మీదే కర్ణాటక రాగాలు వినిపించాడు. తర్వాత జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని వాయించాడు.

జాజ్‌కు ప్రాణం అప్పటికప్పుడు పుట్టే స్వరం. అది మన బళ్లారి వాళ్లకు కొత్తా? పద్యనాటకాల్లో హార్మోనియం అందుకోగానే నటుడు ఒక్క పద్యానికి ఎంతెంత రాగం తీసేవాడు! (రాగం భావాన్ని మింగకూడదని రాఘవగారు పట్టుబట్టింది అందుకే.)

నా తగవల్లా నేటి ఫ్యూజన్ కచేరీలతో. చాలాచోట్ల ముందే రికార్డు చేసిన ట్రాక్ మీద వేళ్లు పరుగెత్తించడమే. పక్కవాడి వాద్యం వినేవాడు లేడు. పాత ఓచరుకు కొత్త తేదీ వేస్తే బ్యాంకులో ఒప్పుకోం. ఇక్కడ చప్పట్లు కొడుతున్నాం. విమర్శకులు దీనిమీద ఒక్క వాక్యం రాయరు. వాద్యం ఏ దేశానిదో మాత్రం ఆరా తీస్తారు.