ఆట ఎందుకు తడబడింది?



మా యాలాల్‌లో ఎనిమిదో తరగతి చదివే అబ్బాయి ఒకడు ఎండాకాలం సెలవుల్లో దిగులుగా నా దగ్గరకు వచ్చాడు.

"సార్, కంప్యూటర్‌లో కారు ఆట మొదట మంచిగనే నడుస్తది. పావుగంట అయితే చాలు, కారు ఆగి ఆగి పోతది. గ్రాఫిక్స్ కార్డు ఖరాబైనట్టున్నది. కొత్తది కొనమని మా నాయిననడుగుత," అన్నాడు.

వాళ్ల నాయిన కంది రైతు. కొత్త కార్డంటే వేలతో పని. "డబ్బు సంగతి తరవాత. ముందు కారణం వెతుకుదాం పద," అన్నాను.

గ్రాఫిక్స్ కార్డు చేసే పని ఏమిటో తెలుసునా? తెరమీద బొమ్మలు గీయటం. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు కదులుతాయి. ఆటలో ఈ కార్డు సెకనుకు 60 బొమ్మలు, ఒక్కొక్కప్పుడు అంతకన్నా ఎక్కువ, అప్పటికప్పుడు గీస్తుంది. అంత పని చేస్తే వేడెక్కక తప్పదు. ఆ వేడిని లాగటానికి దానికి సన్నని లోహపు రేకులూ, వాటిమీదికి గాలి తోలే ఫ్యాన్లూ వుంటాయి. వేడి హద్దు దాటబోతే (చాలా కార్డులకు ఈ హద్దు 80, 90 డిగ్రీల మధ్య వుంటుంది) కార్డు తనంతట తానే వేగం తగ్గించుకొంటుంది. మండుటెండలో బండి లాగే ఎద్దు నడక తగ్గించినట్టే! అది జబ్బు కాదు, తన్ను తాను కాపాడుకోవటం.

విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్ పేజీలో కార్డు వేడి చూచాము. ఆట మొదట్లో 65 డిగ్రీలు. పావుగంటకు 87! సరిగా అప్పుడే కారు తడబడింది.

మాది తాండూరు పక్క ఊరు. నాపరాతి గనులు, బండలు నునుపు చేసే పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు వున్న ప్రాంతం. దుమ్ముకు కొదవ లేదు. వాళ్ల నాయిన ఎదుటనే కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, చల్లారాక పక్క మూత తీశాము. రేకుల సందులు దుమ్ముతో పూడిపోయి వున్నవి. గాలి వెళ్లే దారే లేదు!

ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకొని, మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపాము. గాలి వేగానికి ఫ్యాను గిర్రున తిరిగితే చెడిపోవచ్చు గనుక, బ్లోయరు వాడినా ఇలాగే పట్టుకోవాలి. తడిగుడ్డ మాత్రం ముట్టించరాదు. గోడకు ఆనించిన డబ్బాను జానెడు ఇవతలికి జరిపాము. మళ్లీ ఆడితే అరగంటకు కూడా వేడి 75 దాటలేదు. కారు ఆగలేదు.

మీ ఆట మొదటినుంచే మందంగా వున్నదా? అయితే కారణం వేరు కావచ్చు. తెర తీగను కార్డుకు గాక మదర్‌బోర్డుకు తగిలించారేమో చూడండి. లాప్‌టాప్‌కు చార్జర్ పెట్టారా? వెనక వేరే ప్రోగ్రాములు నడుస్తున్నవా? డ్రైవర్ కొత్తది వేసిన తరవాత మొదలైతే, పాతదానికి మార్చి చూడండి. కాని ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. నాలుగూ కలిపి మారిస్తే, దేనివల్ల బాగుపడిందో తెలియదు.

ఈ నెల మీ పని: అయిదేసి నిమిషాలకు కార్డు వేడి ఎంతో, ఆట ఎలా నడిచిందో నోటుపుస్తకంలో రాయండి. కారణం అందులోనే దొరుకుతుంది.

అన్నట్టు, ఆ అబ్బాయి వాళ్ల నాయినను అడిగింది ఒక్క బ్రష్షు మాత్రమే!