బోర్డు మీద ఏజెన్సీ, కాగితంలో కొనుగోలుదారు

వరంగల్, హనుమకొండ, కాజీపేట డిస్ట్రిబ్యూటర్ సోదరులారా! కొత్తగా ఏజెన్సీ తీసుకుందామనుకుంటున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

బీట్ బజారులో ఎటు చూసినా ‘ఏజెన్సీస్’ బోర్డులే. చట్టం ప్రకారం మాత్రం మనలో చాలామంది ఏజెంట్లం కాదు. ఏజెంటు దగ్గరున్న సరుకు కంపెనీది. అతణ్ని తీసేయాలంటే తగినంత ముందు నోటీసివ్వాలని, కంపెనీ పని సక్రమంగా చేస్తూ నష్టపోతే కంపెనీయే భరించాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం చెబుతుంది. మనం సొంత డబ్బు పెట్టి సరుకు కొంటాం. కొన్నాక పాడైనా, అమ్ముడుపోకున్నా నష్టం మనదే, కాగితంలో వేరేగా రాసుకుంటే తప్ప.

ఫ్రాంచైజీ దారి వేరు. అక్కడ కొనేది పేరును, పద్ధతిని. ఫీజు కట్టాలి, చాలాచోట్ల అమ్మకాల మీద రాయల్టీ ఇవ్వాలి, గోడ రంగు కూడా వాళ్లు చెప్పిందే వేయాలి.

నా గోదాం మూలన ఇప్పటికీ నలభై మూడు బిస్కెట్ అట్టపెట్టెలున్నాయి. నెలాఖరు టార్గెట్ కోసం సేల్స్ ఆఫీసరు బతిమాలి దింపించిన సరుకు. తేదీ దాటింది, క్లెయిమ్ పంపాను. ఆయన బదిలీ అయ్యాడు. కొత్తాయన “ఆ ముచ్చట నాకు తెల్వదన్నా” అన్నాడు. అంతలోనే పక్క గల్లీలో ఇంకొకరికి అదే ఏజెన్సీ ఇచ్చేశారు. కిరాణా దుకాణాల్లో నా ఉద్దెర అట్లనే ఆగిపోయింది. అగ్రిమెంటు తీసి చూస్తే సరుకు వాపసు ఊసే లేదు. తగాదా వస్తే ముంబై కోర్టుకు పోవాలని మాత్రం స్పష్టంగా రాసుంది. సంతకం పెట్టిన రోజు నేను ఆ పేజీ తిప్పనేలేదు.

అందుకే అడుగుతున్నా. తేదీ దాటిన, మిగిలిన సరుకు వాపసు తీసుకుని ముప్పై రోజుల్లో డబ్బివ్వాలి. ఏజెన్సీ తీసేయాలంటే తొంభై రోజుల ముందు చెప్పాలి. తగాదా వరంగల్ కోర్టులోనే తేలాలి. ఇవి రాతలో లేని కాగితం మీద ఎవరూ సంతకం పెట్టొద్దు.

ఒక్కరం అడిగితే కంపెనీ పక్క షట్టరు తట్టుతుంది. 2021 డిసెంబరులో అఖిల భారత వినియోగ వస్తువుల డిస్ట్రిబ్యూటర్ల సమాఖ్య, ఆన్‌లైన్ టోకు సంస్థలకు ఒక ధర, మాకొక ధరా అని కంపెనీలను కలిసికట్టుగా నిలదీసింది. సరఫరా ఆపుతామనేసరికి చర్చలు మొదలయ్యాయి.

చట్టమూ కావాలి. అమెరికాలో ఫ్రాంచైజీ అమ్మేవాడు ముందే వివరాలన్నీ రాసివ్వాలని 1979 నుంచి నిబంధన ఉంది. ఇప్పుడైతే కనీసం 14 రోజుల ముందివ్వాలి. మన దేశంలో ఫ్రాంచైజీకి గానీ, డిస్ట్రిబ్యూటర్‌కు గానీ అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఓటడగడానికి వచ్చే ప్రతి నాయకుణ్నీ దీని గురించి అడగండి.

ఈ రాత్రి షట్టరు దించే ముందు మీ అగ్రిమెంటు బయటికి తీయండి. వాపసు, నోటీసు, కోర్టు ఎక్కడున్నాయో ఎర్ర పెన్నుతో గీత గీయండి. లేకుంటే, రెన్యువల్ కాగితం వచ్చిన రోజు పెన్ను పక్కన పెట్టి, ముందు పక్క దుకాణం అన్నతో మాట్లాడండి.