ఊరు తప్పిన పేరు

1876లో బ్రిటిష్ మ్యూజియం ప్రాణిశాస్త్రవేత్త ఆల్బర్ట్ గుంథర్ దక్షిణ భారతదేశపు చిన్న గోదురు కప్ప నొకదానిని వర్ణించి, బ్యూఫో హొలోలియస్ అని నామకరణం చేసినాడు. అది దొరికిన తావు మలబారని నమోదైనది. నాటినుండి ఆంగ్లములో దానిని మలబారు గోదురనియు, గుంథర్ గోదురనియు పిలుచుచున్నారు. ఒక పేరులో ఊరున్నది, మరొకదానిలో మనిషి ఉన్నాడు. కప్ప మాత్రము రెంటిలోను లేదు.

ఆ ఊరైనను సరియైనదా? తరువాత దానిని నిస్సందేహముగా గుర్తించినవి తూర్పువైపు రాతినేలలు: తమిళదేశమున సెంజి ప్రాంతము, మన నాగార్జునసాగర పరిసరములు. పెరటిలో దీపము క్రింద పురుగులకై కాచుకొని కూర్చుండు గోదురు కప్ప తలపై నల్లని గట్లు తేలి ఉండును. దీనికి అవి లేవు. శరీరము బల్లపరుపు, చర్మము ఇంచుమించు నునుపు. పగలంతయు బండల సందులలో అణగి ఉండుటకు అట్టి దేహమే తగినది. కొండ ప్రక్కనే జీవితమంతా గడపినవారు సైతము దీనిని ఎరుగకపోవుటలో వింత లేదు.

పండితులు తాము పెట్టిన పేరును మార్చుకొనుటకు సంకోచింపలేదు. ఈ జాతిని బ్యూఫోనుండి విడదీసి, భారతీయ శాస్త్రజ్ఞుడు సుశీల్ కుమార్ దత్తా పేర 2006లో ఏర్పడిన దత్తాఫ్రైనస్ అను ప్రజాతిలో చేర్చినారు. వాడుక పేరు మాత్రము మలబారును వీడలేదు. దానిని అనువదించి మన పాఠములలో ఎక్కించినచో, పొరపాటును తెలుగులోనికి దిగుమతి చేసినట్లే.

రాతి గోదురు అన్నచో చాలదా? ఆ మాట విన్న విద్యార్థికి ఎక్కడ వెదుకవలెనో తెలియును. అయితే కొండలవెంట తిరుగు గొఱ్ఱెల కాపరులకు ఇదివరకే ఒక పేరు తెలిసి ఉండవచ్చును. బడిపంతులు మొదట వారి నడుగుట న్యాయము; నిఘంటువు తరువాత చూడవచ్చును.

ఇది తీరిక వేళల మాటల ముచ్చట కాదు. మన నల్లరాతి గుట్టలను యంత్రములు పలకలుగా కోయుచున్నవి. గుట్ట పోయినచో పులి పోయినదని, నెమలి పోయినదని చెప్పుకొనుటకు మాటలున్నవి. ఈ జీవి పోయినచో ఏమి పోయినదని చెప్పుట?

వెదకబోవు విద్యార్థులు తేళ్ళ విషయమున జాగ్రత్త వహింపవలెను. ఎత్తిన రాతిని తిరిగి యథాస్థానముననే ఉంచవలెను.