మా ఆవిడ నర్సింగ్ చదువుతోంది... అయితే ఏంటంట?

మొన్న శనివారం ఓ పాట్‌లక్‌కి వెళ్ళాం. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళ పాట్‌లక్ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. మగాళ్ళంతా బ్యాక్‌యార్డులో గ్రిల్ చుట్టూ చేరతారు. గ్రీన్‌కార్డు, ఇళ్ళ రేట్లు, లేఆఫులు... ఇవి తప్ప ఇంకో టాపిక్ ఉండదు. అందులో ఓ పెద్దాయన, ఈ దేశం వచ్చి ఇరవయ్యేళ్ళు దాటిన మనిషి, నన్నడిగారు: "మీ మిసెస్ ఏం చేస్తోంది తమ్ముడూ?"

"కాలేజీకి వెళ్తోందన్నయ్యా. ఏడీఎన్. నర్సింగులో అసోసియేట్ డిగ్రీ."

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆయనే అందుకున్నారు. "బీటెక్ చేసిన పిల్ల కదా, నర్సేంటి తమ్ముడూ? నాకు తెలిసిన కన్సల్టెన్సీ ఒకటుంది. మూడు నెలలు టెస్టింగ్ నేర్పిస్తారు, ఏడేళ్ళ ఎక్స్‌పీరియన్సు పెట్టి రెజ్యూమె వాళ్ళే తయారుచేస్తారు, ఇంటర్వ్యూ సంగతి కూడా వాళ్ళే చూసుకుంటారు. హాయిగా ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. బెడ్‌పాన్లు ఎత్తే ఖర్మేంటి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అదుగో, ఆ నవ్వు నన్ను మూడు రోజులుగా తింటోంది. అందుకే ఈ టపా.

అసలు ఆయనకి ఈ చదువు గురించి ఏం తెలుసు? నాకే రెండేళ్ళ క్రితం ఏమీ తెలియదు. కమ్యూనిటీ కాలేజీ, రెండేళ్ళ డిగ్రీ అనగానే మన పాలిటెక్నిక్ లాంటిదేదో అనుకున్నాను. పేరుకే రెండేళ్ళు. ముందు అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ లాంటివన్నీ పూర్తిచేయాలి, అదీ మంచి గ్రేడ్లతో. ఆపైన ఎంట్రన్సు టెస్టు. ఇంతా చేస్తే సీటు గ్యారంటీ లేదు. కాలిఫోర్నియాలో కొన్ని కమ్యూనిటీ కాలేజీలు నర్సింగు సీట్లకి లాటరీ తీస్తాయంటే నమ్ముతారా? హెచ్‌-1కే కాదు గురూ, నర్సింగుక్కూడా లాటరీ ఉంది :)

క్లినికల్ ఉన్న రోజు మా ఇంట్లో అలారం తెల్లవారుజామున 4:30కి మోగుతుంది. ఆరున్నరకల్లా తను హాస్పిటల్లో ఉండాలి. నేను తొమ్మిదింటికి కాఫీ కప్పుతో స్టాండప్ కాల్‌లో కెమెరా ఆపేసి కూర్చునే టైముకి తను ఎవరికో డ్రెస్సింగ్ మార్చి, ఎవరికో షుగర్ చూసి, ఎవరినో పట్టుకుని నాలుగడుగులు నడిపించి ఉంటుంది. ఇంటికొచ్చాక కేర్ ప్లాన్లు రాయాలి. మా ఫ్రిజ్ తలుపు మీద మందుల పేర్లు తప్ప ఇంకేం కనబడవు.

ఓ రాత్రి తనకి డోసేజీ లెక్కలు అప్పజెప్పించుకుంటున్నాను. 750 మిల్లీగ్రాములు ఇవ్వాలి, సీసాలో 5 ఎంఎల్‌కి 250 మిల్లీగ్రాములుంది, ఎన్ని ఎంఎల్ ఇవ్వాలి? 15. ఆరో క్లాసు లెక్కే. కానీ అందులో ఒక్క దశాంశ బిందువు జరిగితే మనిషి పోవచ్చు. నేను కిందటేడు ప్రొడక్షన్లో ఒక బగ్ వదిలాను. రోల్‌బ్యాక్ చేశాం, మీటింగ్ పెట్టుకున్నాం, పిజ్జా తిన్నాం. తన పనిలో రోల్‌బ్యాక్ లేదు.

"అయినా అసోసియేటే కదా, బ్యాచిలర్స్ కాదుగా" అన్నాడు ఇంకో మిత్రుడు. న్యాయమైన ప్రశ్నే, జవాబు చెప్తాను. రెండేళ్ళ డిగ్రీవాళ్ళూ, నాలుగేళ్ళవాళ్ళూ రాసేది ఒకటే పరీక్ష, ఎన్‌క్లెక్స్-ఆర్ఎన్. 85 నుంచి 150 ప్రశ్నలు, ఐదు గంటలు, మీ జవాబుని బట్టి తర్వాతి ప్రశ్న కష్టం మారుతుంది. పాసైతే వచ్చే లైసెన్సూ ఒకటే. అయితే పెద్ద హాస్పిటళ్ళు బ్యాచిలర్స్ ఉన్నవాళ్ళనే ఇష్టపడతాయన్నది నిజం. న్యూయార్కులో 2017లో చట్టమే చేశారు, లైసెన్సొచ్చిన పదేళ్ళలో బ్యాచిలర్స్ పూర్తి చేయాలని. దానికి బ్రిడ్జ్ కోర్సులున్నాయి, ఉద్యోగం చేస్తూ చదువుకోవచ్చు.

అసలీ డిగ్రీ పుట్టిందే మా ఆవిడలాంటి వాళ్ళ కోసమేమో అనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో నర్సుల కొరత. అప్పటి హాస్పిటల్ స్కూళ్ళు చాలావరకు పెళ్ళికాని అమ్మాయిలనే చేర్చుకునేవి. మిల్డ్రెడ్ మోంటాగ్ అనే ఆవిడ, నర్సింగుని రెండేళ్ళలో కాలేజీలోనే నేర్పించొచ్చని 1951లో తన డాక్టరేట్ థీసిస్‌లో ప్రతిపాదించారు. 1952లో కొన్ని కాలేజీల్లో ప్రయోగం మొదలైంది. దాంతో పెళ్ళయినవాళ్ళకీ, వయసు మీరినవాళ్ళకీ, మగవాళ్ళకీ దారి దొరికింది.

డబ్బు సంగతా? అది లేకపోతే మనవాళ్ళకి ఏదీ ఎక్కదు కాబట్టి చెప్తున్నా. 2024 మే నాటి ప్రభుత్వ లెక్కల్లో రిజిస్టర్డ్ నర్సుల మధ్యస్థ జీతం ఏడాదికి 93,600 డాలర్లు.

ఒక హెచ్చరిక కూడా. హెచ్‌-4 మీద చదువుకోవచ్చు గానీ, పని చేయాలంటే ఈఏడీ ఉండాలి. మామూలు నర్సు ఉద్యోగానికి హెచ్‌-1 దొరకడం చాలా కష్టం, అందులోనూ రెండేళ్ళ డిగ్రీతో. నా ఐ-140 అప్రూవ్ అయింది కాబట్టి మాకు ఆ దారుంది. లేనివాళ్ళు ముందు ఆ లెక్క చూసుకుని దిగండి.

ఇక అసలు జబ్బుకొద్దాం. మన ఇళ్ళల్లో డాక్టరంటే దేవుడు, నర్సంటే "ఏయ్ సిస్టర్". కొడుకు డాక్టరైతే కట్నం రేటు పెరుగుతుంది, కూతురు నర్సయితే సంబంధాలు రావంటారు. 2020 మార్చి 22 సాయంత్రం 5 గంటలకి గుంటూరులో మా నాన్నా నేనూ డాబా మీద నిలబడి కంచాలు వాయించాం, మీరూ వాయించే ఉంటారు. ఎవరి కోసమండీ వాయించింది? అంతకు రెండేళ్ళ ముందు నాన్నకి స్టెంట్ వేసినప్పుడు నాలుగు రాత్రులు ఒకే నర్సు చూసుకుంది. డాక్టర్ గారి పేరు, ఆయన చదివిన కాలేజీ ఈరోజుకీ మా బంధువులందరికీ తెలుసు. ఆ అమ్మాయి పేరు మాలో ఒక్కరూ అడగలేదు.

ఒంటిని ముట్టుకునే పని తక్కువది, కుర్చీలో కూర్చునే పని గొప్పది. కుర్చీలో కూర్చుని అబద్ధపు ఏడేళ్ళు చెప్పుకున్నా పరవాలేదు! ఇదేగా మన లెక్క? మా ఆవిడ ఏ హాస్పిటల్లోనూ చేయని ఏడేళ్ళు పెట్టుకుని సూది పట్టుకోలేదు. పక్కనెవరో కూర్చుని చెవిలో జవాబులు చెప్తే సెలైన్ ఎక్కించలేదు. ఆ చదువులో దొంగదారి లేదు. బహుశా మనవాళ్ళకి దాని మీద గౌరవం లేకపోవడానికి అదే కారణమేమో!

మా అమ్మ కూడా చుట్టాలకి "కోడలు మెడికల్ సైడు ఏదో కోర్సు చేస్తోంది" అని చెప్తోంది. అమ్మనేమనను? పాట్‌లక్‌లో నవ్విన నేను ఏ మొహంతో అంటాను? నిన్న ఫోన్లో మాత్రం చెప్పాను, "అమ్మా, ఇకనించి నర్సు అనే చెప్పు" అని. కాసేపాగి, "సరేలేరా, పిల్ల తిండి తింటోందా, ఆ తెల్లవారుజాము డ్యూటీలకి?" అంది.

మా ఆవిడకి ఆ నవ్వు సంగతి ఇంకా చెప్పలేదు. ఇది చదివే తెలుసుకుంటుంది. కోప్పడితే పడాల్సిందే. వచ్చే నెల ఇంకో పాట్‌లక్ ఉంది, ఆ అన్నయ్య కూడా వస్తారు. ఈసారి నవ్వను.

తిట్టదలచుకున్నవాళ్ళు కింద తిట్టండి. కాకపోతే ముందోసారి మీ రెజ్యూమె తెరిచి, అందులో ఎన్నేళ్ళు నిజమో లెక్కపెట్టుకుని రండి.